మొదటి వాయి



పండగ పిండివంటల గురించి, వాటిని పిల్లలకు నేర్పడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. శేరు బియ్యానికి ఎంత బెల్లం, ఎన్ని ఏలకులు అని చెప్పబోవడం లేదు. అవి ఇప్పుడు ఫోన్ నొక్కితే పదిమంది చెప్తారు. నేను చెప్పదలచుకున్నది ఒక సత్తుగిన్నె సంగతి. గిన్నెలో సగానికి చన్నీళ్ళు. దాన్ని రెండు చేతులా పట్టుకుని పొయ్యి పక్కన పీట మీద ఒక తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పిల్లను నేనే.

యాభై ఏళ్ళ పైమాట. మా పిన్నమ్మను గండికోటలో ఇచ్చారు. గండికోట అనగానే ఇప్పుడందరికీ పెన్నానది, ఎర్రమల కొండను నిలువునా కోసుకుపోయిన ఆ లోయ, దాని అంచున నిలబడి ఫోటోలు తీసుకునే జనం గుర్తొస్తారు. కోటగోడ లోపల ఒక ఊరుందనీ, ఆ ఊళ్ళో పొయ్యిలు వెలుగుతాయనీ చాలామందికి తట్టదు. మాకు మాత్రం అది సంక్రాంతి సెలవులకు పోయే ఊరు. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. బస్సు దొరికితే బస్సు, లేకుంటే ఎద్దులబండి. జుమ్మా మసీదు పక్కన పాతకాలపు ధాన్యాగారం ఉంది చూడండి, అందులో మేం దాగుడుమూతలు ఆడేవాళ్ళం. ఆకలేస్తే వాసన పట్టుకుని ఇంటికి పరిగెత్తేవాళ్ళం.

ఆ వాసన అత్తిరసాలది. కోస్తావాళ్ళు అరిసెలంటారు. బియ్యం ముందురోజు రాత్రే నానబోసేవాళ్ళు. తెల్లారి నీళ్ళు వంచి, నీడపట్టున గుడ్డ మీద ఆరబోసి, తడి పూర్తిగా పోకముందే రోట్లో పోసి దంచేవాళ్ళు. మా పిన్నమ్మ, ఆమె తోడికోడలు ఎదురెదురుగా నిలబడితే ఒక రోకలి లేచేటప్పటికి ఇంకొకటి పడేది. జల్లెడ పట్టే పని పిల్లలది. జల్లించిన పిండిని ఒక్కొక్కరి పిడికిట్లో పెట్టి, 'పట్టి వదలండి' అనేది పిన్నమ్మ. వదిలితే ముద్దగా నిలవాలి, వేలితో తాకితే పొడిపొడిగా విడిపోవాలి. పిండి ఎండిపోతే అత్తిరసం నూనెలో విచ్చుకుపోతుంది. ఈ మాట ఆమె ఎన్నడూ నోటితో చెప్పలేదు. ఎండుపిండి ఒక గుప్పెడు, తడిపిండి ఒక గుప్పెడు ఇచ్చి ఊరుకునేది. మిగిలింది చేతికే తెలిసిపోయేది.

ఆ ఏడు నాకు పాకం పరీక్షించే చన్నీళ్ళ గిన్నె ఇచ్చింది. బెల్లం కరిగి, పొంగి, ఆ పొంగు అణిగి, బుడగలు బరువెక్కుతున్నప్పుడు గంటెతో ఒక చుక్క తీసి నా గిన్నెలో వేసేది. మొదట చుక్క నీళ్ళలో కలిసిపోతుంది. కాసేపటికి అడుగున పరుచుకుంటుంది. ఇంకాసేపటికి, వేలితో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కడుతుంది. ఉండ కట్టిన వెంటనే నేను 'దించు' అనాలి. నేను అంటేనే ఆమె దించుతుంది. ఇంట్లో పదిమంది పెద్దవాళ్ళుండగా ఆ ఒక్కమాట నాది.

సరిగ్గా అప్పుడే వీధిలో గంగిరెద్దులవాళ్ళ సన్నాయి మోగింది. నేను వాకిలి వైపు చూశాను. ఎంతసేపంటారా? అర నిమిషం కూడా ఉండదు. తిరిగి గిన్నెలో వేలు పెట్టేసరికి ఉండ గోలీకాయంత గట్టిగా ఉంది. 'దించు' అని అరిచాను. పిన్నమ్మ నా మొహం చూసింది, గిన్నెలోకి చూసింది, ఏమీ అనకుండా దించింది.

మొదటి వాయి అత్తిరసాలు చల్లారేసరికి రాళ్ళయ్యాయి. మా చిన్నాయన ఒకటి కొరికి, దవడ పట్టుకుని, కోటగోడ వైపు చూపించి అన్నాడు కదా: "ఈటిని అప్పుడే కనిపెట్టింటే మీర్ జుమ్లా కోటలోకి వచ్చేటోడే కాదు గదమ్మే! బురుజు మీద నుంచి ఇవే ఇసిరేటోళ్ళు."

నాకు ఏడుపొచ్చింది. ఆ మీర్ జుమ్లా ఎవరో చాన్నాళ్ళకు చదువుకుంటే తెలిసింది. గోలకొండ సుల్తాను సేనాని. పెమ్మసాని నాయకుల చేతిలోని ఈ కోటను పట్టుకున్నాడు. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు గండికోటకొచ్చి అతన్ని కలిశాడు. గుళ్ళలోని రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోతపోయించడానికి మీర్ జుమ్లా ఒక ఫ్రెంచివాణ్ణి పెట్టుకున్నాడని, ఆ పోత అనుకున్నట్లు సాగలేదని ఆ వర్తకుడు రాసిపెట్టాడు. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ పోతగాడు కూడా సన్నాయి విని ఉంటాడు అనుకున్నాను.

పిన్నమ్మ ఏం చేసిందో చెప్పాలి మీకు. మిగిలిన చలిమిడిలో కాచిన పాలు కొంచెం కొంచెం చిలకరించి, మళ్ళీ మళ్ళీ పిసికి మెత్తబరిచింది. రెండో వాయి ఫరవాలేదనిపించింది. నన్ను తిట్టలేదు, 'ఫరవాలేదులే తల్లీ' అని ఓదార్చనూ లేదు. మరుసటేడు సంక్రాంతికి మళ్ళీ ఆ సత్తుగిన్నె తెచ్చి నా చేతికే ఇచ్చింది. నేను చెప్పదలచుకున్న సంగతి మొత్తం ఆ ఇవ్వడంలోనే ఉంది. ఇంక చెప్పేదంతా దాని చుట్టూ తిరిగేదే.

ఇప్పుడు పిల్లల్ని వంటింట్లోకి రానివ్వడం లేదనను. రానిస్తున్నారు. ఒక చిన్న పిండిముద్ద చేతిలో పెట్టి, ఆడుకోమని మూల కూర్చోబెడుతున్నారు. వాడు ఆ ముద్దతో పామును, ఏనుగును చేస్తాడు, పిండి నల్లబడుతుంది, తర్వాత దాన్ని బయట పారేస్తారు. పిల్లాడికి తెలియదా, తాను చేసింది ఎవరూ తినరని? బాగా తెలుసు. అందుకే కాసేపట్లో లేచిపోతాడు. పని చెడిపోయే అవకాశం ఉన్నప్పుడే పిల్లలు కళ్ళప్పగించి కూర్చుంటారు. ఈ మాట ముప్ఫై ఏళ్ళు బడిలో పనిచేసి చెప్తున్నాను.

మా మనవడు బెంగుళూరులో ఉంటాడు. పదకొండేళ్ళు. పోయిన సంక్రాంతికి వాడి చేతికి గిన్నె ఇచ్చాను. వాడడిగిన మొదటి ప్రశ్న: "ఎన్ని నిమిషాలు, జేజీ?"

"నిమిషాలు కాదు నాయనా, ఉండ కట్టాల."

"ఉండ కట్టేదానికి ఎన్ని నిమిషాలు?"

వాడికి ఎట్లా చెప్పాలో తోచలేదు. బెల్లంలో నీరెంత ఉందో, పొయ్యి మంట ఎంతో, గిన్నె మందమెంతో, ఇవన్నీ కలిస్తే కదా నిమిషాలు! వాళ్ళమ్మ కేకులు చేస్తుంది, ఆమె దగ్గర చక్కెర పాకం వేడి చూసే థర్మామీటరు ఒకటుంది. వాడు దాన్ని సంచీలోంచి తీసి పాకంలో ముంచాడు. నేను చన్నీళ్ళ గిన్నెలో వేలు పెట్టి, 'దించరా' అన్నప్పుడు వాడు చదివాడు: నూటపద్నాలుగు డిగ్రీలు. మిఠాయివాళ్ళ లెక్కలో మెత్తటి ఉండపాకానికి 112 నుంచి 116 దాకా. నాకు గర్వంగానే అనిపించింది, దాచుకోవడమెందుకు. వాడికింకా సంతోషం, తన యంత్రమూ జేజి వేలూ ఒక్కమాటే చెప్పాయని. ఆ తర్వాత శెనక్కాయ విత్తనాల ఉండలకు పాకం పట్టినప్పుడు, చుక్కను నీళ్ళలో వేసి, దాన్ని తీసి పళ్ళెం మీద పడేస్తే టంగుమని మోగింది. అప్పుడు యంత్రం నూటయాభైకి దగ్గరలో ఉంది. ఆ చప్పుడు వాడికి ఎంత నచ్చిందంటే, ఇంక థర్మామీటరు పక్కన పెట్టి చప్పుడు కోసమే చెవి పెట్టుకున్నాడు. యంత్రం వద్దని నేను అనలేదు. అనను కూడా.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. మరిగే నీళ్ళు ఒంటి మీద పడితే జారిపోతాయి. పాకం పడితే అతుక్కుంటుంది, అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. నీళ్ళకంటే వేడి కూడా ఎక్కువ. కాబట్టి పాకం గిన్నె మీదికి వంగడం, బాండలిలోకి చెయ్యి చాపడం పెద్దవాళ్ళ పనే. పిల్లలకు పరీక్ష చేసే చన్నీళ్ళ గిన్నె చాలు, అది కాస్త దూరంగా. ఒకవేళ చుక్క పడిందా, లాగకుండా వెంటనే చన్నీళ్ళ ధార కింద పెట్టండి, చాలాసేపు. ఐదారేళ్ళ వాళ్ళకు జల్లెడ, ఉండలు చుట్టడం, నిప్పట్లు ఒత్తడం బాగుంటాయి. నిప్పట్లంటే తెలుసు కదా, బియ్యప్పిండిలో కారం, నువ్వులు, కరివేపాకు, దంచిన శెనక్కాయ విత్తనాలు కలిపి, పలచగా ఒత్తి నూనెలో వేసేవి, కోస్తాలో చెక్కలంటారు. చిన్నపిల్లలు ఒత్తితే మీద నాలుగు వేళ్ళ గుర్తులూ పడతాయి. వేగినాక కూడా పోవు. డబ్బాలో వెతుక్కుని మరీ 'ఇది నాది' అని తింటారు.

అత్తిరసాలు సంక్రాంతికి, ఓళిగలు ఉగాదికి. ఇది ఎవరో శాస్త్రంలో రాస్తే వచ్చింది కాదు, పొలం రాసింది. సంక్రాంతికి కొత్తబియ్యం, కొత్తబెల్లం ఇంటికొస్తాయి. మా జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలల్లో వానలు వెనకబట్టినాక, అక్టోబరు, నవంబరులో శెనగ విత్తుతారు. ఇంక పెద్దగా నీళ్ళు అక్కర్లేదు, నేలలో దాగిన తడితో, మంచుతో పంట వచ్చేస్తుంది. మాఘమాసం దాటేసరికి కోత, నూర్పిడి. ఉగాదికి కొత్త శెనగపప్పు సిద్ధం. కర్నూలువైపు బక్షాలంటారు, మేం ఓళిగలంటాం, ఇంకొకరు బొబ్బట్లంటారు, లోపల పూర్ణం మాత్రం ఆ పప్పుదే. మనవడికి ఈ సంగతి పుస్తకం చూపించి చెప్పలేదు. ఉగాదికి ముందు కళ్ళంలోకి తీసుకుపోయి ఒక గుప్పెడు శెనగలు జేబులో పోసుకోమన్నాను. ఇంటికొచ్చి వాటినే విసిరి, పప్పు చేసి, ఉడకబెట్టాం. పప్పు ఉడికిందో లేదో రెండు వేళ్ళ మధ్య నలిపి చూడమంటే, నలిపి, 'ఇంకా పలుకుంది జేజీ' అన్నాడు. పలుకు అన్న మాట వాడికెవరు నేర్పారో!

ఓళిగ పిల్లలకు మంచి గురువు. ఎందుకంటే అబద్ధమాడనివ్వదు. పైపిండి నూనెలో నానకపోతే సాగదు, చినుగుతుంది. పూర్ణం పలచనైతే పక్క నుంచి కారుతుంది. వాడు అరిటాకుకు నూనె రాసి, పిండిలో పూర్ణం పెట్టి మూతి మూసి, వేళ్ళతో తట్టుకుంటూ పోయాడు. నడిమధ్య పలచనై చిల్లు పడింది. చూపుడువేలితో ఆ చిల్లును కప్పేసి, నేను చూడలేదనుకుని పెనం మీద వేశాడు. పెనం ఊరుకుంటుందా? చిల్లులోంచి పూర్ణం బయటికొచ్చి చుయ్యిమని మాడింది. ఇల్లంతా మాడిన బెల్లం వాసన. "ఎవురికీ చెప్పొద్దు జేజీ" అన్నాడు. చెప్పనక్కర్లేదు కదా, వాసనే వీధి చివరిదాకా చెప్పింది. తర్వాతి ఓళిగకు అంచులు పలచగా, నడుమ మందంగా తట్టాడు. నాలుగోది గుండ్రంగా వచ్చింది. పప్పు ఉడికించిన కట్టును పారబోయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. అందులో చింతపండు, మిరియాలు పడితే వచ్చే చారు, ఓళిగలు తిన్న మధ్యాహ్నానికి దాన్ని మించింది లేదు.

మా కాలంలో మగపిల్లల్ని పొయ్యి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. మా అన్న నాకంటే రెండేళ్ళు పెద్ద. వాడు వంటింటి గడప మీద కూర్చుని చూస్తుంటే, 'ఆడంగి యవ్వారాలు నీకేల' అని లేపేవాళ్ళు. వాడు పెద్దయి ఉద్యోగానికి ఊరు కాని ఊరు పోయినాక ఇరవై ఏళ్ళు హోటలు కూడు తిన్నాడు. మా ఇంట్లో జరిగిన ఈ తప్పును మా ఇంట్లోనే దిద్దుకున్నాం, మనవడి దగ్గర.

మా వీధిలో ఇంకో ఇల్లుంది. కడప వైపు నుంచి కువైట్‌కు పోయినవాళ్ళు ఎందరో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఇంటి కోడలు అక్కడొక ఇంట్లో పనిచేస్తుంది. కూతురు ఇక్కడ జేజి దగ్గర. పండగకు కర్జికాయలు చేస్తుంటే ఫోన్‌ను పప్పుడబ్బాకు ఆనించి పెట్టారు, తల్లి అక్కడి నుంచి చూస్తోంది. పిల్ల పూరీలో పుట్నాలపొడి, ఎండుకొబ్బరి, నువ్వులు, బెల్లం కలిపిన పొడి పెట్టి, సగానికి మడిచి, అంచును జడ అల్లినట్లు మలుస్తోంది. ఆ మలుపు తప్పితే నూనెలో నోరు తెరుస్తుంది, పొడి బయటపడి నూనెంతా నల్లబడుతుంది. ఫోన్‌లోంచి తల్లి, "బొటనేలుతో నొక్కి మడుసు పాపా, చూపుడేలు కాదు" అంటోంది. ఆ తర్వాత ఆమె చెప్పిన సంగతి నాకు కొత్త. అరబ్బుల ఇళ్ళలో రంజాన్ పండగకు ముందు ఆడవాళ్ళు, పిల్లలు చుట్టూ కూర్చుని మామూల్ అనేది చేస్తారట. రవ్వపిండి లోపల ఖర్జూరం ముద్ద పెట్టి, చెక్కిన కొయ్య అచ్చులో ఒత్తి, టప్‌మని నేలకు తట్టి బయటికి తీస్తారు. ఓవెన్‌లో కాలుస్తారు, నూనెలో వేయరు. "మన కర్జికాయే అత్తా, నూనె ఒక్కటే లేదు" అంది. అక్కడి పిల్లలు కూడా అచ్చు నేలకు కొట్టడానికి కొట్లాడుకుంటారట.

ఓవెన్ అంటే గుర్తొచ్చింది. జమ్మలమడుగులో లండన్ మిషన్ కాలం నుంచి క్రైస్తవ కుటుంబాలున్నాయి. క్రిస్మస్‌కు వాళ్ళ ఇళ్ళ నుంచి మా ఇంటికి కర్జికాయలు, మురుకులతో పాటు కేకు ముక్క కూడా వచ్చేది. ఇప్పుడు పిల్లలు రాగిపిండి, బెల్లంతో కుక్కర్‌లోనే కేకు చేస్తున్నారు, అడుగున ఉప్పు పోసి, విజిల్ తీసేసి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి బళ్ళలో ఈ ముచ్చట మరీ ఎక్కువైంది. చెయ్యనివ్వండి. కొర్రబియ్యంతో అత్తిరసాలు, సద్దపిండితో బూరెలు మా అవ్వలు ఏ సంవత్సరమూ ప్రకటించకుండానే చేశారు.

రోలు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. గండికోట జలాశయం నింపుతుంటే, 2020లో తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు నీళ్ళలోకి పోయాయి. ఆ జలాశయంలో 26 టీఎంసీల పైన నీళ్ళు పడతాయి. ఆ నీళ్ళు సీమకు కావాల్సినవే, కాదనలేం. ఊళ్ళు ఖాళీ చేసినప్పుడు మాకు వరసకు వదినయ్యే ఆమె మంచం, బీరువా ట్రాక్టరుకెక్కించి, చివరికి పాతిన రోలును తవ్వించింది. "కొత్తింట్లో మిక్సీ ఉంది గదమ్మా, ఈ బండ యాల" అన్నాడు ట్రాక్టరతను. ఆమె వినలేదు. ఇప్పుడా రోలు పునరావాస కాలనీలో సిమెంటు వాకిట్లో ఉంది. సిమెంటులో పాతలేరు కాబట్టి చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి నిలబెట్టింది. దంచేటప్పుడు కదులుతుంది. కదలకుండా ఇద్దరు మనవరాళ్ళు చెరోవైపు పాదాలు ఆనించి కూర్చుంటారు. అత్తిరసాల పిండి అందులోనే.

పిండివంటలు కిలోల లెక్కన అంగట్లో దొరుకుతున్నాయి, నేనూ కొంటాను, తప్పేమీ లేదు. అన్నీ ఇంట్లోనే చెయ్యమని మీకు చెప్పడానికి నేనెవరు. ఏడాదికి ఒక్క పండగకు, ఒక్కటే వంటకం పెట్టుకోండి. ఆ ఒక్కదానికీ చన్నీళ్ళ గిన్నె ఇంట్లో పిల్లల చేతికివ్వండి. ఆడపిల్లా, మగపిల్లాడా అని చూడొద్దు. 'దించు' అని వాళ్ళనే అననివ్వండి. తొందరపడ్డారనిపించినా, ఆలస్యమైందనిపించినా మీరు నోరు మెదపొద్దు. మొదటి వాయి రాయైతే పారేయకండి. పిల్లల ముందే కూర్చుని, పాలలో ముంచుకుని తినండి.